వారు, వార్, వార్లు

తమ్ముడికి,

నీ కథ చదివాను. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్పూర్‌లో ఉన్న తెలుగువాళ్ళ మీద ఊరి పెత్తనం ఎలా నడుస్తుందో రాయాలన్న నీ పట్టు బాగుంది. కానీ పది పేజీల్లో ‘అస్తిత్వం’ తొమ్మిదిసార్లు వచ్చింది, రేషన్ కార్డు ఒక్కసారి కూడా రాలేదు. పెత్తనం కనబడేది కార్డులోనే.

ముందు తెలిసినవాళ్ళ ఇంట్లో కాగితాల సంచి తీయించు. బడి ఇచ్చే టీసీ, భూమి కాగితం సాత్‌బారా, రేషన్ కార్డు, ఓటరు కార్డు, కులం సర్టిఫికెట్టు, అది సరైందేనని కమిటీ ఇచ్చే వ్యాలిడిటీ. తేదీల వరసలో పేర్చి, ఒక్కోదాంట్లో ఇంటిపేరు ఎలా పడిందో రాసుకో. మన దగ్గర ముందుండే ఇంటిపేరు చివరికి జరగడం, ‘వారు’ కాస్తా ‘వార్’ కావడం కనబడుతుంది. మహారాష్ట్ర రెండో ముఖ్యమంత్రి మారోత్‌రావు కన్నమ్‌వార్ పేరు చివరా ఆ వారే. చంద్రపూర్‌లో దాన్ని పరాయి పేరనుకునేవాళ్ళు లేరు. అందుకని ‘పాపం, పేరు పోగొట్టుకున్నాడు’ అని తొందరపడి జాలిపడకు. ఎవరి చేతిలో మారిందో చూడు. బడిపంతులు రాశాడా, ఊరి రెవెన్యూ లెక్కలు చూసే తలాఠీ రాశాడా, తనే రాసుకున్నాడా? మూడూ మూడు వేరే కథలు.

అక్షరానికి ఎంత బరువుంటుందో చెబుతాను. మహారాష్ట్ర ఎస్టీ జాబితాలో ‘కోలాం, మన్నెర్‌వార్లు’ అని ఉంది. మన బహువచనం ‘లు’ మరాఠీ సర్కారు జాబితాలో తిష్ఠ వేసుకు కూర్చుంది! టీసీలో అదే ‘మున్నూర్‌వార్’ అని పడితే కులమే వేరు. గుమాస్తా చెవికి రెండూ ఒకటే, కులం సర్టిఫికెట్లు తనిఖీ చేసే పరిశీలన కమిటీకి కాదు. అసలువాళ్ళ పేరు తప్పుగా పడటమూ ఉంది, కానివాళ్ళు ఆ పేరు వాడుకోవడమూ ఉంది. రెండోది దాచావంటే నీది కథ కాదు, కరపత్రం.

ఇక నీ కథలో పెద్ద పొరపాటు. 1972లో కరీంనగర్ నుంచి పేపరు మిల్లుకొచ్చినవాడి కొడుక్కి, తెలుగువాడన్న కోపంతో ఆఫీసరు ఎస్సీ సర్టిఫికెట్టు ఇవ్వలేదన్నావు. కోపం అక్కర్లేదయ్యా, తేదీ చాలు. కుటుంబం ఆ రాష్ట్రంలో ఎప్పటినుంచి ఉందో చూస్తారు: ఎస్సీకి 10 ఆగస్టు 1950, ఎస్టీకి 6 సెప్టెంబరు 1950, ఓబీసీకి 13 అక్టోబరు 1967. రుజువు చేసే భారం అడిగేవాడిదే. తర్వాత వచ్చినవాళ్ళ పిల్లలకు తండ్రి పాత సర్టిఫికెట్టు మీద వలసవాళ్ళ సర్టిఫికెట్టు ఒకటిస్తారు, కానీ మహారాష్ట్ర రాష్ట్రం సీట్లకు అది పనికిరాదు. తెనాలిలో పుట్టి, తొమ్మిదో ఏట తండ్రి ఉద్యోగం వెంట బొంబాయి వెళ్ళిన ఎస్టీ విద్యార్థి మెడికల్ సీటు కేసులో సుప్రీంకోర్టు 1990లో ఈ మాటే చెప్పింది. నీ ఆఫీసరు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి కూడా కాదనగలడు. ఆ మర్యాద రాయి, తిట్టుకన్నా భయంగా ఉంటుంది.

వార్ధా నది దాటి రాజూరా వెళ్ళు. 1950లో బల్లార్పూర్ మధ్యప్రదేశ్‌లో ఉంది, ఎదుటి ఒడ్డున రాజూరా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. 1956లోనే బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1950 నాటి రుజువుగా చూపాల్సిన అక్కడి తాతల రెవెన్యూ కాగితాలు ఉర్దూవి. కాగితం ఉండీ ఇంట్లో చదవగలిగినవాడు ఉండడు, చదివిపెట్టేవాడికి డబ్బివ్వాలి. నీ కథకు కావలసిన మనిషి అక్కడున్నాడు.

మాటల సంగతి. బజారులో బేరం మరాఠీలోకో హిందీలోకో, తిట్టు తెలుగులోకి జారుతుంది. జారే చోటు పట్టుకో, కింద అర్థాలివ్వకు. ‘తెలుగువాళ్ళు’ అని అందర్నీ ఒకే మూట కట్టకు. కిరాణా కోమటీ, అతని బస్తాలు మోసే హమాలీ ఇద్దరూ తెలుగే. ఎవరి గది ఎవరికి అద్దెకివ్వరో అడుగు, అక్కడ మరాఠీవాణ్ణి దోషిని చేయడానికి వీలుండదు.

రెండో భాగం తీసేయ్. సర్టిఫికెట్లకు దరఖాస్తు పెట్టే సేతు కేంద్రం కిటికీ దగ్గర సీను మళ్ళీ రాయి. ఏ కాగితం ముందు అడిగారో, జిరాక్సులు ఎన్నో, లైనులో వెనకున్నవాడు ఏ భాషలో విసుక్కున్నాడో ఉండాలి. నాలుగు పేజీలు దాటకుండా పంపు.

ఆశీస్సులతో,
అన్న