బడి ఉండగా పిల్లలతో ఊరెళ్ళాలంటే: జరిమానా లెక్క, ముహూర్తం లెక్క

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంగ్లండ్ వచ్చి ఏడాదిన్నర అయింది. బాబు ఇయర్ త్రీ, పాప రిసెప్షన్ (ఇక్కడి బడిలో మొట్టమొదటి తరగతి). మాఘమాసంలో మా తమ్ముడి పెళ్ళి. రెండు వారాలు వెళ్ళొద్దామనుకుంటున్నాం. బడికి ఉత్తరం రాసిచ్చి వెళ్తే సరిపోతుందా? సెలవుల్లో టికెట్ల ధర చూస్తే జరిమానా కట్టుకోవడమే నయమని మావారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: తల్లీ, మీవారు వేసిన లెక్కే బరంపురం నుంచి వచ్చిన కొత్తల్లో మేమూ వేశాం. గంజాం, గజపతి, రాయగడ నుంచి వచ్చిన మనవాళ్ళలో చాలామంది ఇప్పటికీ అదే వేస్తున్నారు. ఆ లెక్క తప్పని అనను, అందులో కొన్ని అంకెలు జారిపోతాయి, అంతే. అవేమిటో చెబుతాను. పద్నాలుగేళ్ళుగా ఇద్దరు పిల్లల్నీ ఏటా ఊరికి తీసుకెళ్తూ రెండో జరిమానా రాకుండా నెట్టుకొచ్చాం కాబట్టి, ఓపికగా చేసుకుంటే ఇది అయ్యే పనే.

ఇక్కడ బడి రోజంటే రెండు పూటలు. పది బడి వారాల లోపల అనుమతి లేని పూటలు పది పోగైతే జరిమానా గీత దాటినట్టు. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్ అంతటా ఇదే కొలత. 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, ఆ తరవాత 28వ రోజు దాకా 160. మిగతా నిబంధనలు మీ కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకోండి. మనవాళ్ళు పొరబడేది ఎక్కడంటే, ఇది ఇంటికి ఒకటి కాదు. బిడ్డకొకటి, అందులో మళ్ళీ తల్లికొకటి, తండ్రికొకటి. ఇద్దరు పిల్లలున్న ఇంటికి నాలుగు నోటీసులు, అంటే 320 పౌండ్లు. ఇరవై రెండో రోజున కడితే 640. పౌండు నూరు రూపాయలు దాటిన రోజుల్లో అది ఊళ్ళో ఎన్ని నెలల బియ్యమో మీరే చూసుకోండి.

ఆ నోటీసులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అదే కౌన్సిల్ ముద్ర, అదే బిడ్డ పేరు, అవే తేదీలు. పైన అమ్మ పేరో నాన్న పేరో, మూలన రిఫరెన్సు నంబరు, ఆ రెండే తేడా. ఒకటే ఉత్తరం రెండుసార్లు వచ్చిందనుకుని రెండోది డ్రాయరులో పడేయడం మా ఇంట్లో జరిగిన మొదటి తప్పు. ఒకరిది కట్టి ఇంకొకరిది వదిలేస్తే, కట్టనివాళ్ళ మీద కేసు పెట్టే వీలు కౌన్సిల్‌కు ఉంటుంది. ప్రతి నోటీసునూ దాని నంబరుతోనే, మొత్తం ఒకేసారి కట్టాలి, వాయిదాలు ఉండవు. మీరు ఊళ్ళో ఉండగా తపాలా వస్తే 21 రోజులూ అక్కడే కరిగిపోతాయి. పక్కింటివాళ్ళకు తాళంచెవి ఇచ్చి, కౌన్సిల్ కవరు వస్తే ఫొటో పంపమని చెప్పి వెళ్ళండి.

అసలు భయపడాల్సింది రెండోసారికి. అదే బిడ్డ విషయంలో అదే తల్లికో తండ్రికో మూడేళ్ళలోపు రెండో నోటీసు వస్తే 80 మాటే లేదు, నేరుగా 160. మూడోసారి నోటీసు రాదు, వ్యవహారం కోర్టు దాకా వెళ్ళొచ్చు. అక్కడ జరిమానా 2,500 పౌండ్ల వరకు ఉండొచ్చు. నోటీసు డబ్బు వేళకు కట్టేస్తే అది నేరంగా నమోదు కాదు. కోర్టులో శిక్ష పడితే మాత్రం ఐఎల్‌ఆర్‌కీ (శాశ్వత నివాస అనుమతి) పౌరసత్వానికీ దరఖాస్తు పెట్టేటప్పుడు చూపించాల్సిందే. ఆ ఫీజులే వేలల్లో ఉన్నాయి. టికెట్ల మీద మూడు వందలు మిగుల్చుకోబోయి అక్కడ ఇబ్బంది తెచ్చుకోవద్దు. మీ తమ్ముడి పెళ్ళికి మొదటి జరిమానా తెచ్చుకుంటే, మూడేళ్ళలో ఇంట్లో ఇంకే అవసరం వచ్చినా మీ చేతిలో వెసులుబాటు ఉండదు. మీవారి లెక్కలో లేని పెద్ద అంకె ఇదే.

మీకు లాభించే సంగతి ఒకటుంది. పాప పుట్టిన నెల మీరు రాయలేదు. రిసెప్షన్‌లో చేరినా, అయిదేళ్ళు నిండి ఆ తరవాతి టర్ము మొదలయ్యేదాకా ఈ చట్టం బిడ్డకు వర్తించదు. సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపల పుట్టినవాళ్ళకు జనవరి టర్ము నుంచి, జనవరి–మార్చి వాళ్ళకు ఈస్టరు తరవాత నుంచి, ఏప్రిల్–ఆగస్టు వాళ్ళకు వచ్చే సెప్టెంబరు నుంచి వర్తిస్తుంది. మీ పాప జనవరిలోనో ఆ తరవాతో పుట్టిందైతే ఫిబ్రవరి ప్రయాణానికి ఆమె పేరున నోటీసు రాదు. బడికి చెప్పడం మాత్రం చెప్పాల్సిందే. ఇక మిగిలేది బాబు లెక్కే.

ఇప్పుడు ఉత్తరం. మన దగ్గర సెలవు చీటీ అంటే కబురు. హెడ్మాస్టరు గారు చూసి సంతకం పెట్టి పక్కన పెట్టేస్తారు. ఇక్కడ అది దరఖాస్తు. ప్రయాణానికి ముందే ఇవ్వాలి, బిడ్డ ఎవరి దగ్గర ఉంటున్నాడో ఆ తల్లో తండ్రో ఇవ్వాలి. వచ్చాక ఇచ్చిన ఉత్తరానికి అనుమతి ఇచ్చే అధికారం హెడ్‌టీచర్‌కే లేదు. 2013 సెప్టెంబరు నుంచి అసాధారణమైన కారణం ఉంటే తప్ప సెలవు ఇవ్వకూడదు. విహారానికి ఇవ్వరు, టికెట్లు చవకని ఇవ్వరు. పెళ్ళికి ఇస్తారా లేదా అన్నది ఆ బడి హెడ్‌టీచర్ ఇష్టం. ఇవ్వకపోతే పైన అప్పీలు లేదు.

కొత్తవాళ్ళ ఉత్తరం ఎలా ఉంటుందో నాకు కంఠతా వచ్చు. ‘మా కజిన్ బ్రదర్ పెళ్ళి ఉన్నందున మా అబ్బాయి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు బడికి రాడని తెలియజేస్తున్నాం. టికెట్లు కొనేశాం.’ నాలుగు ముక్కల్లో నాలుగు తప్పులు. ‘తెలియజేస్తున్నాం’ అంటే నిర్ణయం మీరే చేసేశారని అర్థం. టికెట్లు కొనేశామంటే అనుమతితో మీకు పనిలేదని అర్థం. పెళ్ళి ఏ రోజో లేదు. ‘కజిన్ బ్రదర్’ అన్న మాట వాళ్ళకు అర్థమే కాదు. పెదనాన్న కొడుకునీ పిన్ని కొడుకునీ మనం తమ్ముడే అంటాం, వాళ్ళకు కజిన్ వేరు, తమ్ముడు వేరు.

మీరు ఇలా రాయండి. పెళ్ళికొడుకు నా తోడబుట్టిన తమ్ముడు. ముహూర్తం ఈ తేదీన, ఈ ఊళ్ళో. ఆడపడుచుగా నేను జరిపించే తంతు ఇది. మా అబ్బాయిని తోటి పెళ్ళికొడుకుగా కూర్చోబెడుతున్నారు, అంటే పీటల మీద పెళ్ళికొడుకు పక్కన ఉండే బాలుడు. ఇన్ని రోజులకు అనుమతి కోరుతున్నాం, ఫలానా రోజు ఉదయానికి బడిలో ఉంటాడు. దీనికి శుభలేఖ నకలు జతచేసి, తేదీ, పేర్లు ఉన్న రెండు మూడు వాక్యాలు ఇంగ్లీషులో కింద రాయండి. మన వైపు శుభలేఖ ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా ఉంటుంది కదా, అలాగే పంపితే వాళ్ళకు ఏమీ తెలియదు. కనీసం ఆరు వారాల ముందు ఇవ్వండి. టికెట్లు ఆ తరవాతే.

ఎన్ని రోజులు అడగాలన్నది ఉత్తరం కంటే ముఖ్యం. ఫిబ్రవరి మధ్యలో వారం రోజులు హాఫ్ టర్మ్ సెలవు వస్తుంది. ముందువెనక శని, ఆదివారాలతో కలిపి తొమ్మిది రోజులు. అది చాలావరకు మాఘంలోనే పడుతుంది. ముహూర్తం ఇంకా పెట్టకపోతే ఇవాళే అమ్మగారికి ఫోను చేసి, మీ బడి సెలవు తేదీలు పురోహితుడి చేతికి ఇప్పించండి. ఆ వారంలో లగ్నం కుదిరితే, ముందున్న గురువారం, శుక్రవారం మాత్రం బడిని అడగండి. పదకొండు రోజులొస్తాయి. వాళ్ళు కాదన్నా బాబు ఖాతాలో పడేవి నాలుగు పూటలే. ప్రతి టర్ములోనూ ఇలా గీతకు కిందే ఉండేలా రోజులు కత్తిరించుకుంటే మాత్రం కుదరదు. కావాలనే చేస్తున్నారని తోస్తే పది పూటలు నిండకుండానే నోటీసు ఇచ్చే అధికారం వాళ్ళకుంది.

మిగతా కార్యాలకూ ఇదే చూపు పెట్టుకోండి. వేసవి సెలవులు జులై చివర మొదలై సెప్టెంబరు మొదట్లో అయిపోతాయి, సుమారు ఆరు వారాలు. జులై ఆషాఢమని ఊళ్ళో పెళ్ళిళ్ళు ఉండవు. శ్రావణం ఎప్పుడు మొదలవుతుందో చూసుకుని టికెట్టు తీయాలి. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో శ్రావణం ఆగస్టు 13కు జరిగింది. సెలవులు ఇచ్చారని జులైలోనే వెళ్ళి ఆగస్టు 10కి తిరిగొచ్చే కుటుంబం ఆ ఏడు ఒక్క పెళ్ళీ చూడలేదు. సంక్రాంతికి మార్గం లేదు. జనవరి మొదటి వారానికే బళ్ళు తెరుస్తారు, పైగా చిన్నపిల్లల బడి సీటు దరఖాస్తుకు జనవరి 15 ఆఖరు తేదీ. కనుమ పూట గారెలు తింటూ ఆ తేదీ మరిచిపోవద్దు. బరంపురం ఠాకురాణీ జాతర రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది. 2027లో ఈస్టరు మార్చి 28నే, ఉగాది ఏప్రిల్ 7న. సెలవుల చివరి రోజులైనా జాతరకు అందుతాయో లేదో తెలియదు కాబట్టి తేదీలు తేలేదాకా డబ్బు కట్టకండి. అక్టోబరు హాఫ్ టర్మ్‌కు వెళ్ళేవాళ్ళు తుఫాను మాట గుర్తుంచుకోవాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే మన తీరాన్ని తాకాయి. విమానమో రైలో రద్దయితే ఆ సందేశం దాచి, అదే రోజు బడికి మెయిల్ పెట్టండి.

ఇక టికెట్లు. బాబుకు పన్నెండేళ్ళు నిండేదాకా పిల్లల ధర దొరుకుతుంది, ఎంత తగ్గుతుందన్నది ఒక్కో విమాన సంస్థకు ఒక్కో తీరు. పదహారేళ్ళలోపు పిల్లలకు ఎకానమీలో ఇంగ్లండ్ నుంచి బయల్దేరేటప్పుడు వేసే ప్రయాణికుల పన్ను లేదు, బిల్లులో పన్నుల వరుస విప్పి చూసుకోండి. విశాఖ దాకా ఒకే టికెట్టుగా తీయండి. హైదరాబాదు దాకా ఒకటి, అక్కణ్ణుంచి ఇంకొకటి చవకగా దొరికిందని విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోది మీ ఖర్చే. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, పాత 120 రోజుల లెక్కలో ఉండకండి. పలాస దాకా బెర్తులు దొరికితే అక్కణ్ణుంచి పర్లాకిమిడి కారులో సులువే.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఒంట్లో బాగాలేదని ఫోనులో అబద్ధం చెప్పి విమానం ఎక్కడం. బడివాళ్ళు తిరిగి ఫోను చేస్తే మోగే తీరులోనే మీరు ఏ దేశంలో ఉన్నారో తెలిసిపోతుంది. తెలియకపోయినా, సోమవారం క్లాసులో బిడ్డ తన గోరింటాకు చేతులు చూపించి ఏనుగు అంబారీ కథ చెబుతాడు. అయిదారేళ్ళ బిడ్డకు అబద్ధం నేర్పి బడికి పంపడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి. తరవాత నిజంగా జ్వరం వచ్చినా ఆ బడి మిమ్మల్ని నమ్మదు, మందుల చీటీ అడుగుతుంది.

పనిలో పనిగా నెల, నెలన్నర ఉండిపోదామనీ అనుకోకండి. అనుమతి లేకుండా వరసగా ఇరవై బడి రోజులు రాక, వాకబు చేసినా ఆచూకీ తెలియకపోతే పేరు కొట్టేయొచ్చు. అనుమతి ఇచ్చిన సెలవు అయ్యాక పది రోజుల్లో తిరిగి రాకపోయినా అంతే. మంచి బడిలో పోయిన సీటు వెయిటింగ్ లిస్టు చివర నుంచి మళ్ళీ మొదలవుతుంది.

రాయగడ, కొరాపుట్ ఏజెన్సీ వైపు చుట్టాల ఇళ్ళకు వెళ్ళే ఆలోచన ఉంటే మలేరియా మాత్రల గురించి నెల ముందే అడగండి, వాటికి డబ్బు మీరే పెట్టుకోవాలి. టైఫాయిడ్ టీకా జీపీ (మన పేటలోని ప్రభుత్వ వైద్య సేవ డాక్టరు) దగ్గర ఉచితం. వచ్చాక వాంతులో విరేచనాలో అయితే, తగ్గిన తరవాత కూడా 48 గంటలు బడికి పంపకూడదు. అది జబ్బు కింద రాస్తారు, అనుమతి లేని పూట కింద కాదు.

తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రికి పెట్టకండి, శనివారానికి ఇంట్లో ఉండండి. చలికాలంలో మన ఊరి గడియారం అయిదున్నర గంటలు ముందుంటుంది. పిల్లలు రాత్రి రెండింటికి లేచి ఆడుకుని, తెల్లవారి ఏడింటికి గాఢనిద్రలో ఉంటారు. సోమవారం లేపలేక పది గంటలకు తీసుకెళ్తే ఏమవుతుందో తెలియాలంటే హాజరు పట్టీ కాగితం చూడాలి. వచ్చిన పూటకు ఏటవాలు గీత ఉంటుంది. రిజిస్టరు మూసేలోపు ఆలస్యంగా వస్తే ఎల్, అది హాజరే. అనుమతి లేని సెలవు పూటకు జీ. రిజిస్టరు మూసేశాక వస్తే యూ. ఆ యూ కూడా జీతో సమానంగా పదిలో కలుస్తుంది. నాలుగు రోజుల సెలవుతో ఎనిమిది జీలు పడ్డాక, సోమ, మంగళవారాల్లో నిద్రమత్తుతో రెండు యూలు పడితే పది నిండినట్టే. వచ్చిన వారంలోనే ఆఫీసులో ఆ పట్టీ ప్రింటు అడిగి తీసుకుని, అనుమతి ఇచ్చిన రోజుల మీద సీ అని ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. పొరపాటున జీ పడి ఉంటే, అనుమతి ఇచ్చిన మెయిల్ చూపించి, నోటీసు కౌన్సిల్ నుంచి బయల్దేరకముందే సరిచేయించుకోండి.