తవిటయ్య పేరు ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా?

మీ తాతగారి పేరు తవిటయ్య అని, పుట్టిన బాబుకి ఆ పేరే పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడుతున్నారని రాశారు. ఆ పేరుకి అర్థం ఏమిటి, ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా, హైదరాబాద్ స్కూల్లో పిల్లాడికి ఇబ్బంది అవుతుందా అని అడిగారు. నా పేరు తవిటయ్యే, కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నేను 1974లో పాలకొండ దగ్గర ఒక పల్లెలో పుట్టాను. అప్పుడు మాది శ్రీకాకుళం జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పార్వతీపురం మన్యంలో కలిసింది. నాకు ముందు మా అమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఒక అన్న పదకొండో రోజు రాకముందే, ఒక అక్క ఆరు నెలలకి. నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను పాత గుడ్డలో చుట్టి, చాటలో పడుకోబెట్టి, ఎదురింటి అవ్వ చేతిలో పెట్టేసింది. "ఈ గుంటడు మాకొద్దు, నువ్వే ఉంచుకో" అందట. అవ్వ కాసేపు ఒళ్లో పెట్టుకుంది. తరవాత మా నాయనమ్మే వెళ్లి కుంచెడు తవుడు కొలిచి పోసి, నన్ను కొని తెచ్చింది. అంటే లెక్క ప్రకారం నేను మా ఇంట్లో పుట్టిన బిడ్డను కాను, తవుడికి కొన్న బిడ్డను. పిల్లల్ని ఎత్తుకుపోయేది ఏదైనా ఉంటే, అది ఈ ఇంటి బిడ్డ కోసం వచ్చి చూసి, ఇక్కడ ఎవరూ లేరనుకుని వెళ్లిపోవాలి. అదీ వాళ్ల నమ్మకం.

తవుడు అంటే వడ్లు దంచినప్పుడు బియ్యం మీంచి రాలే పొడి. కుడితిలో కలిపి గొడ్లకు పెడతారు. ఇంట్లో అంతకంటే చవకైనది లేదు. అంత చవకగా వచ్చినవాడి మీద ఎవరి కన్నూ పడదని దాన్నే ఎంచుకున్నారు. పెరడు పెరటి అయినట్టు తవుడు తవిటి అవుతుంది, దానికి అయ్య చేర్చితే తవిటయ్య. తవిటినాయుడు, తవిటమ్మ, ఒట్టి తవుడు అనే పేర్లు కూడా శ్రీకాకుళం, విజయనగరం వైపు వింటారు.

ఈ ఆచారం మా ఒక్క మూలకే పరిమితం కాదు. పెంటయ్య, పెంటమ్మ పేర్లు మీకు తెలంగాణలో ఎన్నో కనిపించి ఉంటాయి. బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి, అక్కడ దొరికినట్టుగా తెచ్చుకునేవారు. కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్పే, అక్కడ తిప్పయ్యలున్నారు. తమిళంలో కుప్పుస్వామి పేరు చాలా ఇళ్లలో ఇలాగే వచ్చింది. తమిళ పిల్లల్ని ఏడిపించేటప్పుడు "నిన్ను తవుడికి కొన్నాం" అనడం ఇప్పటికీ ఉంది. ఆ మాట మొదటిసారి ఒక తమిళ సహోద్యోగి నోట విన్నప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. ఎక్కడో దూరాన ఇంకో అమ్మ కూడా మా నాయనమ్మలాగే భయపడి, అదే తవుడు కొలిచిందన్నమాట.

ఇక ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా అంటే, చాలా తక్కువ. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో నా తరగతిలోనే మరో తవుడు ఉండేవాడు, పై తరగతుల్లో ఇంకా ఉండేవారు. ఇప్పుడు అదే ఊళ్లో ఆ పేరున్నవాళ్లంతా నలభై దాటినవాళ్లే. చిన్నపిల్లల్లో ఒక్కరూ నాకు కనపడలేదు. అయ్యతో ముగిసే పేర్లన్నీ పాతబడ్డాయి, అది ఒక కారణం. కానీ అసలు కారణం వేరే ఉందని నేను నమ్ముతాను. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1,000 మంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ లెక్క 28కి దిగింది. టీకాలు వచ్చాయి, కాన్పులు ఆసుపత్రికి మారాయి. బిడ్డను తవుడికి కొనాల్సిన అవసరం తల్లులకి తప్పింది. అందుకే ఈ పేరు తగ్గిపోతుంటే నాకు బాధ కలగదు.

ఇబ్బంది సంగతి దాచకుండా చెబుతాను. చిన్నప్పుడు ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు, అక్కడ అందరికీ అర్థం తెలుసు. డిగ్రీకి విశాఖపట్నం వెళ్లాక మొదలైంది. హాజరు పిలిచినప్పుడు వెనక బెంచీల్లో నవ్వులు. కుడితి తాగుతావా అని ఒకడు రోజూ అడిగేవాడు. ఒక ఆఫీసులో గుమస్తా నా ఫారం చూసి, "ఇదేం పేరయ్యా" అని పక్కవాళ్లకి వినిపించేలా చదివాడు. అప్పట్లో పేరు మార్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. ఇంటికి వెళ్లి అమ్మకి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "నువ్వు మార్చుకుంటే మార్చుకో నాన్నా, నేను మాత్రం తవుడనే పిలుస్తాను, ఆ పేరుతోనే నువ్వు నాకు మిగిలావు" అంది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు నేను.

ఇంకో విషయం నా మనసు మార్చింది. మా అమ్మాయి సైన్సు పాఠం చదువుతుంటే తెలిసింది. తవుడు పూర్తిగా తీసేసిన తెల్లబియ్యమే తింటే బెరిబెరి జబ్బు వస్తుంది, తవుడులో ఉన్న బి1 విటమిన్ దాన్ని ఆపుతుంది. 1912లో విటమిన్ అనే మాటను పుట్టించిన కాసిమిర్ ఫంక్ పరిశోధన చేసింది ఈ తవుడు మీదే. గొడ్లకు పోసేదాన్లో అంత ప్రాణం ఉందని మా అమ్మాయి చదివి వినిపించినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

మీరు పేరు పెట్టదలిస్తే ఒకటి రెండు పనికొచ్చే మాటలు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మొదటిరోజే ఖాయం చేసుకోండి. నా సర్టిఫికెట్లలో టి పక్కన హెచ్ ఒకచోట ఉంది, ఒకచోట లేదు. పాస్‌పోర్ట్ అప్పుడు ఆ ఒక్క అక్షరానికి ఎంత టెన్షన్ పడ్డానో. తొందరపడి నిర్ణయించక్కర్లేదు కూడా. పేరు లేకుండానే జననం నమోదు చేయించి, ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. రోజూ పిలవడానికి వేరే పేరు కావాలంటే రెండూ కలిపి పెట్టండి, తప్పేమీ లేదు. కానీ సిగ్గుపడి పొడి అక్షరంగా కుదించి దాచేసేటట్టయితే పెట్టొద్దు. కథ తెలియని పిల్లాడికి ఆ పేరు ఒట్టి బరువవుతుంది. కథ తెలిస్తే వాడే పదిమందికి చెప్పుకుంటాడు.

నన్ను తవుడికి అమ్మిన ఆ ఎదురింటి అవ్వ పోయేవరకూ ప్రతి సంక్రాంతికీ నా మొదటి ముద్ద ఆవిడ ఇంట్లోనే. కొత్తచీర నేనే పెట్టేవాణ్ని. మీ తాతగారిని కూడా ఎవరో ఒకరి దగ్గర కొనే ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఏ ఇంటివాళ్లు, ఎంత తవుడు పోశారు అని. ఆ ఇంటి మనుషులు ఎవరైనా ఉంటే బారసాలకి వాళ్లనీ పిలవండి.