వ్యాక్యూమ్ చేసిన రోజే తుమ్ములెందుకు?

ప్రశ్న: మా వారికి డస్ట్ మైట్ల (ఇంటి దుమ్ములో ఉండే అతి చిన్న పురుగుల) అలర్జీ అని పరీక్షలో తేలింది. వ్యాక్యూమ్ క్లీనర్ కొన్నాం. ప్రతి ఆదివారం ఆయనే ఇల్లంతా శుభ్రం చేస్తారు. ఆ సాయంత్రానికి తుమ్ములు, ముక్కు కారడం మరీ ఎక్కువవుతున్నాయి. మెషిన్‌లో లోపమా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మెషిన్‌ సంగతి తర్వాత, ముందు మనిషిని మార్చండి. అలర్జీ ఉన్నవారు ఆ పనికి దూరంగా ఉండాలి. ఇబ్బంది పెట్టేది మైట్ల కన్నా ఎక్కువగా అవి విసర్జించే మలం రేణువులు. కదిపితే లేచి, అరగంటలోపే చాలావరకు నేలకు దిగిపోతాయి. అంచేత వేరెవరైనా కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి శుభ్రం చేయాలి. పని అయ్యాక కనీసం అరగంట ఆగి ఆయన గదిలోకి రావచ్చు. ఆయన తప్ప చేసేవారు లేకపోతే ఎన్95 మాస్కు తప్పనిసరి. ముక్కు దగ్గర సందు లేకుండా నొక్కి పెట్టుకోవాలి.

ఇక మెషిన్. గుడ్డ ఫిల్టరు మాత్రమే ఉన్న రకాలు పెద్ద చెత్తను పట్టుకుని, సన్న దుమ్మును వెనక గాలి బయటికొచ్చే చోటు నుంచి గదిలోకే ఊదుతాయి. రాత్రి లైట్లు ఆపి, మెషిన్ ఆన్ చేసి, ఆ చోట, మూత అతుకుల దగ్గర టార్చి వేసి చూడండి. వెలుగులో దుమ్ము ఆడుతూ కనిపిస్తే గుట్టు తెలిసిపోయినట్టే. కొత్తది కొనేటప్పుడు హెపా, అంటే అతి సన్న దుమ్మునూ ఆపే ఫిల్టరు ఉన్నది చూడండి. ‘హెపా టైపు’ అన్న మాటకు పడిపోకండి. హెచ్13 అనే హెపా గ్రేడు గానీ, 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపుతుందని గానీ స్పష్టంగా రాసి ఉండాలి. సంచి ఉన్న రకమే మేలు. సంచి లేనిదాంట్లో డబ్బా దులిపేటప్పుడు, పట్టిన దుమ్ములో కొంత మళ్లీ మీ మీదకే వస్తుంది. సంచి మూడింట రెండు వంతులు నిండగానే మార్చేయండి, లేకపోతే లాగే బలం పడిపోతుంది. కడగొచ్చని రాసిన ఫిల్టరునే కడగాలి, అదీ 24 గంటలు నీడలో ఆరాకే తిరిగి పెట్టాలి. తడిగా పెడితే బూజు పట్టి, ఆ వాసనతో కొత్త తంటా.

పని పైనుంచి కిందికి సాగాలి. ఫ్యాను రెక్కకు పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్ము అందులోనే పడుతుంది. తర్వాత అల్మరాల పైభాగం తడిగుడ్డతో తుడవండి. పొడి చీపురు, ఈకల బ్రష్షు వద్దు. ఆపై వ్యాక్యూమ్, చివర తడిబట్ట. నున్నటి గచ్చు, టైల్స్ ఉన్న ఇంట్లో నిజానికి తడిబట్టే సగం పని చేసేస్తుంది. వ్యాక్యూమ్ అవసరం పరుపు, సోఫా, తివాచీలకే. అక్కడ హడావిడి పడకూడదు. చదరపు మీటరుకు ఒక నిమిషం చొప్పున, అంటే ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు పరుపుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు. కుట్ల వెంట సన్న నాజిల్ వాడండి.

ఇంత చేసినా లోపల పోగులను పట్టుకుని ఉన్న బతికున్న మైట్లు ఊడిరావు. అందుకే పరుపుకు, దిండ్లకు జిప్పున్న మైట్‌ప్రూఫ్ కవర్లు తొడగాలి. వ్యాక్యూమ్‌కు పెట్టే డబ్బులో కొంత ముందు వీటికి పెట్టమనే మా సలహా. ఆయన రోజుకు ఏడెనిమిది గంటలు ముఖం ఆనించేది దిండుకే కదా!

ప్రశ్న: దూది పరుపు ఎండలో వేస్తే చాలు, వేడినీళ్లతో ఉతకడం అనవసరమంటారు మా అత్తగారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: సగం నిజం. మీ ఊరి వేసవి ఎండకు పైవైపు మైట్లు ఎండి చస్తాయి. కానీ దూది మందం వల్ల లోపలికి వేడి సరిగా దిగదు, కాబట్టి మధ్యాహ్నం తిరగేయాలి. చచ్చిన మైట్ల అవశేషాలు, మలం ఎండతో పోవు, వాటికీ అలర్జీ వస్తుంది. డాబా మీదే కర్రతో బాగా దులిపి, వ్యాక్యూమ్ చేసి లోపలికి తేవాలి. దులిపేది అలర్జీ ఉన్నవారు కాకూడదు.

దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి. చన్నీళ్లతో ఉతికితే మలం చాలావరకు కొట్టుకుపోతుంది, మైట్లు మాత్రం బతుకుతాయి. వేడినీళ్ల సెట్టింగు లేని మెషినైతే బకెట్లో ముందు చన్నీళ్లు పోసి, అంతే కొలత మరిగే నీళ్లు కలపండి. రమారమి 60 డిగ్రీలు వస్తుంది. బట్టలను కర్రతో ముంచి, మూతపెట్టి 20 నిమిషాలు నాననివ్వండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. రంగు పోయే బట్టలు విడిగా. వేడి తట్టని మెత్తటి బొమ్మలను ప్లాస్టిక్ సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్లో ఒకటి రెండు రోజులు ఉంచాక, మామూలు నీళ్లలో ఉతికి ఆరేయండి.

ప్రశ్న: గదిలో సాంబ్రాణి వేస్తే అలర్జీ పురుగులు పోతాయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పోవు. పైగా పొగ ముక్కును, ఊపిరి గొట్టాలను ఇంకా రేపుతుంది. దోమల చుట్ట, అగరుబత్తి కూడా అంతే. మైట్లకు నిజంగా గిట్టనిది పొడిగాలి. అవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. తేమ 50 శాతానికి తగ్గితే నిలదొక్కుకోలేవు. వానాకాలంలో తడిబట్టలు పడకగదిలో ఆరేయకండి. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో నడిపి, దాని జాలీని రెండు వారాలకోసారి కడగండి. పిల్లికూతలు, ఆయాసం ఉంటే మాత్రం శుభ్రతతో సరిపెట్టక డాక్టరుకు చూపించండి.