గెలిచిన మర్నాటి నుంచి రాయి

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ చివరి పేజీకి వచ్చేసరికి కోపం ఆగలేదు.

ఐస్‌లాండ్ హాస్యనటుడు యోన్ గ్నార్ పెట్టిన ‘బెస్ట్ పార్టీ’ కథ ఎత్తుకున్నావు. ఈతకొలనుల్లో ఉచితంగా తువ్వాళ్లు, జంతుప్రదర్శనశాలకు ధ్రువపు ఎలుగుబంటి అంటూ ఎన్నికల హామీలు, ఇచ్చిన మాటలన్నీ తప్పుతామని ముందే చెప్పేయడం... అన్నీ పూసగుచ్చినట్టు రాశావు. 2010 మేలో ఆ దేశ రాజధాని రేక్యవిక్ నగర ఎన్నికల్లో 15 స్థానాలకు 6 గెలిచారనగానే, ‘2014లో పార్టీ మూతపడింది’ అని ఒక్క ముక్కతో చేతులు దులుపుకున్నావు.

అసలు కథ గెలిచిన మర్నాడు మొదలైంది కదమ్మా! 2008లో బ్యాంకులు కుప్పకూలాయి. జనం కడుపుమండి ఓటేశారు. మేయరైన మనిషికి ఎదురైందేమిటి? ఊరికి వేడినీళ్లూ కరెంటూ ఇచ్చే సంస్థ నెత్తిన విదేశీ అప్పు. ఆ దేశపు డబ్బు క్రోనా విలువ పడిపోయి అది కొండంతైంది. అంతవరకూ నవ్వించినవాడి హయాంలోనే ఛార్జీలు పెరిగాయి, ఉద్యోగాలు పోయాయి. బడులు కలిపేస్తామంటే తల్లిదండ్రులు నిలదీశారు. వ్యంగ్యం రాసేవాళ్లు జమాఖర్చుల పుస్తకం తెరిచి చూడాలని నలభై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. తువ్వాలు ఉచితమైతే ఉతికినవాళ్లకు కూలి ఎవరిస్తారు? నీ వ్యాసంలో ఆ ప్రశ్నే లేదు.

నా తొలినాటి కథలో ఊరివాళ్లు ఎగతాళికి ఒక పగటివేషగాణ్ణి సర్పంచిగా నిలబెట్టి గెలిపిస్తారు. రెండో సగమంతా అతను బోరింగు కోసం సమితి ఆఫీసు చుట్టూ తిరగడమే. సంపాదకుడు ఆ సగం కోసేసి అచ్చేశాడు. వెళ్లి అడిగితే, ‘పాఠకుడికి నవ్వు చాలు’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. అతను కత్తెరతో చేసిన పని నువ్వు నీ చేత్తోనే చేసుకున్నావు.

బెస్ట్ పార్టీ ఓడిపోయి మూతపడలేదు. గ్నార్ రెండోసారి నిలబడనన్నాడు. వెంట ఉన్నవాళ్లు కొందరు ‘బ్రైట్ ఫ్యూచర్’ అనే పార్టీలో కలిశారు. అది 2017 జనవరిలో దేశ ప్రభుత్వంలో చేరి, సెప్టెంబరులో బయటికొచ్చింది. ప్రభుత్వం కూలింది. అక్టోబరు ఎన్నికల్లో దానికి ఒక్క సీటూ దక్కలేదు. ఇంత కథ చేతిలో పెట్టుకుని ఎలుగుబంటి దగ్గరే ఆగిపోతావా?

కలంపేరు పెట్టుకోనా అని అడిగావు, ఆ సంగతి తర్వాత. పెరిగిన వేడినీళ్ల బిల్లు అందుకున్న రోజు, ఆయనకు ఓటేసిన ఇంట్లో ఏమనుకున్నారో కనుక్కో. అక్కణ్ణుంచి తిరగరాసి పంపు.