ఎర్రసిరా నిండిన పేపరు: ఎక్కడ మొదలుపెట్టి దిద్దాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కాలేజీలో ఇంగ్లిషు వ్యాసాలు రాయడం నేర్పే రైటింగ్ కోర్సు గురించీ, అది చెప్పే కఠినమైన లెక్చరర్ల గురించీ ఉన్నాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: మా రైటింగ్ మేడమ్ చాలా స్ట్రిక్టు. నాలుగు పేజీల వ్యాసానికి మార్జిన్లో ముప్పైకి పైగా వ్యాఖ్యలు రాసి, వారంలో తిరగరాసి తెమ్మన్నారు. మొదటి పేజీ నుంచి కామాలు, స్పెల్లింగులు దిద్దుకుంటూ వస్తున్నాను. ఎంతకీ తెమలడం లేదు. (మొదటి సంవత్సరం విద్యార్థిని)

ముందు ఆ కామాలు వదిలెయ్యండి. రేపు తీసిపారెయ్యాల్సిన పేరాలో ఇవాళ కామాలు దిద్దడం దండగ. ముప్పై వ్యాఖ్యలంటే ముప్పై తప్పులు కావు. విడదీసి చూస్తే ఐదారు సంగతులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మొదట పేపరు చివర రాసిన వ్యాఖ్య చదవండి. మార్జిన్లో రాసేవి చదువుతూ చదువుతూ రాసినవి. చివరిది మొత్తం చదివాక రాసినది కాబట్టి ఆవిడకు అసలు ఏం కావాలో అక్కడే ఉంటుంది. తర్వాత ఒక కాగితం మీద వ్యాఖ్యలన్నిటినీ మూడు కుప్పలుగా రాసుకోండి. వాదనకు సంబంధించినవి ఒకటి, పేరాల వరస, ఆధారాలు మరొకటి, వాక్యం, వ్యాకరణం ఇంకొకటి. దిద్దడం కూడా ఈ వరసలోనే జరగాలి. చాలామంది మూడో కుప్పతో మొదలుపెట్టి అక్కడే అలిసిపోతారు. రచనాబోధన మీద పరిశోధించిన నాన్సీ సోమర్స్ 1980లో విద్యార్థుల రచననూ, అనుభవజ్ఞుల రచననూ పోల్చి చూసినప్పుడు తేలిందీ ఇదే. విద్యార్థులకు తిరగరాయడమంటే మాటలు మార్చడం, అనుభవం ఉన్నవాళ్లకు వాదన రూపాన్ని వెతుక్కోవడం.

రెండో కుప్పకు ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. రాసిన వ్యాసం లోంచి వెనక్కి అవుట్‌లైన్ తీయండి. ఒక్కో పేరాకు ఎదురుగా రెండు ముక్కలు: ఈ పేరా ఏం చెబుతోంది, మీ ప్రధాన వాదనకు ఏం చేస్తోంది. 12 పాయింట్ల అక్షరం, డబుల్ స్పేసింగ్ అయితే నాలుగు పేజీల్లో సుమారు వెయ్యి, పన్నెండు వందల మాటలుంటాయి, అంటే ఆరేడు పేరాలు. అరగంట పని. రెండో ముక్క రాయలేకపోయారంటే ఆ పేరా తీసెయ్యాలి, లేదా ఇంకోదానిలో కలపాలి. రెండు పేరాలకు ఒకే మాట వస్తే ఒకటి ఎక్కువైనట్టే.

వారాన్ని ఇలా పంచుకోండి. మొదటిరోజు చదివి పక్కన పెట్టెయ్యండి. రెండోరోజు కుప్పలు, అవుట్‌లైన్. మూడు, నాలుగు రోజులు వాదనకూ పేరాల వరసకూ. ఐదోరోజు ఆధారాలకు. ఆరోరోజు వాక్యాలకు. ఏడోరోజు ప్రింటు తీసి, పైకి చదువుతూ, మీ నాలుక తడబడిన చోటల్లా గీత పెట్టండి.

ఇంకో సంగతి. మేడమ్ గీత గీసిన చోట మాత్రమే దిద్ది ఊరుకోవద్దు. రెండో పేజీలో ఒకసారి రాసిన వ్యాఖ్య నాలుగో పేజీలో అదే తప్పుకు కూడా వర్తిస్తుంది. కఠినంగా దిద్దేవాళ్లు ప్రతిచోటా మళ్లీ రాయరు, రెండో డ్రాఫ్టులో వెతికి చూస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు పైన మూడు నాలుగు వాక్యాల నోటు పెట్టండి: ఏం మార్చాను, ఏ సలహా తీసుకోలేదు, ఎందుకు. వ్యాఖ్యలన్నిటికీ తలూపిన పేపరు కన్నా, ఒకటి రెండింటిని కారణం చెప్పి కాదన్న పేపరుకే సాధారణంగా గౌరవం ఎక్కువ.

ప్రశ్న: "అయితే ఏంటి?", "వాదన ఏది?", "వివరించండి", "అస్పష్టం". మా సార్ రాసేవి ఇవే. ఇవి వ్యాఖ్యలా, విసుర్లా? (రెండో సంవత్సరం విద్యార్థి)

విసుర్లలా వినిపించే మాట నిజమే. సార్ గారు ఇంకో నాలుగు మాటలు ఖర్చుపెట్టి ఉంటే బాగుండేది. అయినా ఒక్కోదాని వెనక ఒక్కో నిర్దిష్టమైన పని ఉంది.

"వాదన ఏది?" అంటే మీ ప్రధాన వాక్యాన్ని తెలివైనవాడెవడూ కాదనలేడని. "సోషల్ మీడియా వల్ల మంచీ ఉంది, చెడూ ఉంది." దీన్ని ఎవరు కాదంటారు? ఎవరూ కాదనలేనిదాన్ని నిరూపించడానికి నాలుగు పేజీలు ఎందుకు? "గ్రూప్ ప్రాజెక్టుల వల్ల కొందరికి అన్యాయం జరుగుతుంది" అంటే కాస్త నయం, కానీ ఇంకా గాల్లోనే ఉంది. "గ్రూప్ ప్రాజెక్టులో అందరికీ ఒకే మార్కు వేస్తే పని ఎగ్గొట్టినవాళ్లకే లాభం. అందుకని మార్కులో నాలుగో వంతు సభ్యులు ఒకరికొకరు వేసుకునే అంచనా మీద ఉండాలి." ఇప్పుడు దెబ్బలాడటానికి ఏదో దొరికింది. స్నేహితులు ఒకరికొకరు మార్కులు దోచిపెట్టుకోరా అని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్నకు జవాబే మీ మూడో పేజీ.

"అయితే ఏంటి?" అన్నది సాధారణంగా పేరా చివర కనబడుతుంది. సమాచారం ఇచ్చారు, దాంతో ఏం తేలిందో చెప్పలేదని అర్థం. "వివరించండి" అనగానే పిల్లలు పేరా పొడుగు పెంచేస్తారు. ఆయన అడిగేది పొడుగు కాదు, కొటేషన్‌కీ మీ మాటకీ మధ్య తెగిపోయిన లంకె. కొటేషన్ పెట్టాక కనీసం రెండు వాక్యాలు మీవి ఉండాలి: అందులో ఏ మాట ముఖ్యం, అది మీ వాదనను ఎలా బలపరుస్తుంది. పేరాను కొటేషన్‌తో ముగించడం మానేస్తే ఈ వ్యాఖ్యలు సగం తగ్గుతాయి.

"అస్పష్టం" పక్కన చూడండి, తరచుగా వాక్యం "దిస్" తోనో "ఇట్" తోనో మొదలవుతుంది. ముందు మూడు విషయాలు చెప్పి "దిస్ షోస్" అంటే ఏది చూపిస్తోందని? "దిస్" తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడండి. ఏ నామవాచకం పెట్టాలో మీకే తోచకపోతే గజిబిజి వాక్యంలో కాదు, ఆలోచనలోనే ఉంది. పేరాల మధ్య "ట్రాన్సిషన్" అని రాస్తే మాత్రం "మోరోవర్" అతికించి ఊరుకోకండి. ఆ మాట ఎక్కడైనా అతుకుతుంది, అందుకే దేన్నీ కలపదు. పేరాల వరసే తప్పి ఉండొచ్చు, అవుట్‌లైన్ తీసి చూడండి.

ప్రశ్న: ఒక వెబ్‌సైట్లో చదివిన పేరాలో దాదాపు ప్రతి మాటా మార్చి రాశాను. చివర మూలాల పట్టికలో దాని పేరూ ఇచ్చాను. అయినా కాపీ అన్నారు. సాఫ్ట్‌వేర్ చూపించింది 6 శాతమే!

6 శాతం అన్నది తీర్పు కాదు. ఆ అంకె చెప్పేది మీ పేపర్లో ఎంత భాగం ఇంకెక్కడో ఉన్న పాఠంతో సరిపోలిందని మాత్రమే. సరిగ్గా కోట్ చేసిన వాక్యాలు, మూలాల పట్టిక కూడా లెక్కలో పడితే నిజాయితీగా రాసిన పేపరుకు 25 రావచ్చు. అచ్చంగా ఒకే పేరా దించేసిన పేపరుకు 6 రావచ్చు.

మీరు చేసినదాన్ని "ప్యాచ్‌రైటింగ్" అంటారు. 1990లలో రచనాబోధన పరిశోధకురాలు రెబెక్కా మూర్ హోవర్డ్ పెట్టిన పేరిది. మాటలు మారాయి గానీ వాక్యాల ఎముకలగూడు, ఆలోచనల వరస మూలానివే. కొత్త విషయాన్ని నేర్చుకునే దశలో చాలామంది ఇలాగే రాస్తారనీ, దీన్ని ఎప్పుడూ మోసంగా చూడకూడదనీ ఆవిడ వాదించారు. అయితే మీ కాలేజీ నియమావళి ఏం చెబుతుందన్నదే మీకు వర్తిస్తుంది. అది తెరిచి చదవండి.

ఇకముందు ఇలా చెయ్యండి. పేరా రెండుసార్లు చదివి ట్యాబ్ మూసెయ్యండి. కాసేపు ఇంకో పని చూసుకుని వచ్చి, ఆ విషయం తెలియని స్నేహితుడికి చెబుతున్నట్టు రాయండి. అప్పుడు మూలం తెరిచి రెండు సంగతులు సరిచూడండి: పేర్లు, అంకెలు తప్పలేదు కదా, వరసగా మూడు నాలుగు మాటలు అవే పడ్డాయా. పడితే కోట్ గుర్తులు పెట్టండి, లేదా వాక్యం మార్చండి. మూలం ప్రస్తావన ఆ వాక్యం దగ్గరే ఉండాలి. చివరి పట్టికలో పేరు ఉన్నంత మాత్రాన ఏ వాక్యం ఎవరిదో చదివేవాళ్లకు తెలియదు.

పొడుగు కొటేషన్లకు నియమం వేరు. మూలాలు చూపించే పద్ధతుల్లో ఎం.ఎల్.ఏ. (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో వచనం నాలుగు వరసలు దాటితే, ఏ.పి.ఏ. (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో 40 మాటలకు చేరితే, విడిగా లోపలికి జరిపి, కోట్ గుర్తులు లేకుండా పెట్టాలి. నాలుగు పేజీల పేపర్లో అంత పొడుగు కొటేషన్ ఒకటి దాటిందంటే మీ గొంతు తగ్గినట్టే.

ప్రశ్న: నేనే రాసిన పేపరును ఏఐతో రాయించావని అనుమానిస్తున్నారు. ఎలా నిరూపించుకోవాలి?

కోపంతో మెయిల్ కొట్టకండి. రాసిన క్రమం చూపించండి. గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీలో ఏరోజు ఏం చేర్చారో, ఏం కొట్టేశారో కనబడుతుంది. నోట్సు, మొదటి డ్రాఫ్టు, తెరిచిన మూలాలు దానికి జతచెయ్యండి. పేపర్లో ఏ పేరా గురించి అడిగినా మాటల్లో వివరించడానికి సిద్ధమని చెప్పండి. అన్నిటికన్నా బలమైన రుజువు అదే. ఎక్కడో టైపు చేసి మొత్తం ఒక్కసారిగా డాక్స్‌లో పేస్ట్ చేసే అలవాటుంటే ఆ హిస్టరీ మీకు అక్కరకు రాదు, పైగా ఎదురు తిరుగుతుంది. ఆ అలవాటు ఇవాళే మానండి.

ఏఐ రాతను పట్టుకుంటామనే డిటెక్టర్ల మాట చెప్పాలంటే, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తాను తెచ్చిన డిటెక్టరును ఖచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఉపసంహరించుకుంది. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాలను ఇలాంటి డిటెక్టర్లు తప్పుగా పట్టుకుంటున్నాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. ఈ రెండూ మర్యాదగా ప్రస్తావించవచ్చు. వ్యాకరణం దిద్దే సాధనం ఏదైనా వాడి ఉంటే మాత్రం దాచకండి, ముందే చెప్పెయ్యండి.

ప్రశ్న: నా స్నేహితుడికి బి ప్లస్, నాకు సి. ఇద్దరివీ ఒకేలాంటి పేపర్లు. అడగొచ్చా?

అడగొచ్చు, కానీ స్నేహితుడి పేరు ఎత్తకుండా. ఇంకొకరి మార్కు గురించి మీతో మాట్లాడటానికి ఏ లెక్చరరూ ఇష్టపడరు. సంభాషణ అక్కడే ఆగిపోతుంది. రూబ్రిక్ (ఏ అంశానికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) ముందు పెట్టుకుని, ఒక్కో అంశానికి మీ పేపర్లో రుజువు ఎక్కడుందో గుర్తించండి. ఏదో ఒక అంశానికి మీకే దొరకదు. అది తేలాక ఇలా రాయవచ్చు (ఆఫీస్ అవర్స్ అంటే లెక్చరర్ విద్యార్థులను విడిగా కలవడానికి కేటాయించిన వేళలు):

"నమస్తే మేడమ్. రెండో పేపరు మీద మీ వ్యాఖ్యలు చదివాను. ఆధారాల విశ్లేషణ అన్న అంశంలో నాకు తక్కువ వచ్చింది. మూడో పేజీలోని రెండో పేరాలో విశ్లేషణ ఉందని నేను అనుకున్నాను. అక్కడ ఏం లోపించిందో తెలిస్తే వచ్చే పేపర్లో సరిచేసుకుంటాను. ఆఫీస్ అవర్స్‌లో పది నిమిషాలు కలవవచ్చా?"

"సి ఎందుకు వేశారు" అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "బి రావాలంటే ఏం ఉండాలి" అంటే జవాబు వస్తుంది. గ్రేడు మీద అధికారికంగా అప్పీలు చెయ్యడం వేరే వ్యవహారం. మార్కుల కూడికలో తప్పు, సిలబస్‌లో ప్రకటించిన పద్ధతికి భిన్నంగా వెయ్యడం, వివక్ష: మామూలుగా నిలిచేవి ఇవే. "నేను బాగా రాశాను" అన్నది నిలవదు. గడువు ముందే చూసుకోండి. మొదట లెక్చరర్, తర్వాత కోర్సు కోఆర్డినేటర్, ఆ తర్వాత విభాగాధిపతి. మెట్టు దాటేసి పైకి వెళ్తే తిప్పి కిందికే పంపుతారు.

ప్రశ్న: ఆఫీస్ అవర్స్‌కి వెళ్లాలంటే భయం. వెళ్లినా ఏం అడగాలో తోచదు.

ప్రింటు తీసిన డ్రాఫ్టు, దానిమీద గుర్తుపెట్టిన రెండు చోట్లు, రెండు ప్రశ్నలు తీసుకెళ్లండి. "ఇది బాగుందా?" అని అడిగితే "ఇంకా పని ఉంది" అంటారు, మీరు వట్టి చేతులతో తిరిగొస్తారు. "ఈ పేరాలో ఎదుటివాదం ముందు పెట్టాలా, నా వాదం ముందు పెట్టాలా?" అంటే చెప్పదగ్గ జవాబు ఉంటుంది. గడువు ముందురోజు వెళ్లకండి. వాదన మార్చమని చెబితే మార్చే వ్యవధి ఉండదు, అది వాళ్లకూ తెలుసు. బయటికి రాగానే విన్నదంతా రాసుకోండి, సాయంత్రానికి సగం గుర్తుండదు.

ప్రశ్న: మా సార్ నా పేపరు క్లాసులో పైకి చదివి నవ్వించారు. "నీలాంటివాళ్లు కాలేజీకి ఎందుకొస్తారో" అన్నారు. ఇది కూడా కఠినత్వమేనా?

కాదు. "ఈ పేరాలో తర్కం లేదు" అన్నది ఎంత కటువుగా అన్నా పని గురించి. మీ సార్ అన్న మాట మనిషి గురించి. తేదీ, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, అక్కడున్నవాళ్ల పేర్లు ఆరోజే రాసుకోండి. కోఆర్డినేటర్‌కు గానీ, మీ కాలేజీలో ఫిర్యాదులు చూసే విభాగానికి గానీ రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ ఉత్తరంలో గ్రేడు గొడవ కలపకండి. కలిపితే మార్కుల కోసం చేసిన ఫిర్యాదుగా పక్కన పెట్టేస్తారు.

ప్రశ్న: పరిమితి వెయ్యి మాటలు. నాది పద్నాలుగు వందలు. పది మాటలు ఎక్కువైనా మార్కు కోస్తారట.

ప్రతి వాక్యంలోంచి ఒక్కో మాట పీకుతూ కూర్చుంటే నాలుగు వందలు పోవు, వ్యాసం మాత్రం కుంటుతుంది. ముందు ఒక పేరా మొత్తం తీసెయ్యండి, ఇంచుమించు 150. ఉపోద్ఘాతంలో మొదటి మూడు నాలుగు వాక్యాలు దాదాపు ఎప్పుడూ పోవలసినవే, ఇంకో 80. "నేటి సమాజంలో విద్య అనేది ఎంతో ముఖ్యమైన పాత్ర పోషిస్తోందన్న విషయం మనందరికీ తెలిసిందే" అన్న తీరు వాక్యం తీసేస్తే ఎవరికీ ఏ లోటూ ఉండదు, తెలిసిందేనని వాక్యమే ఒప్పుకుంటోంది. పొడుగు కొటేషన్లలో మీకు పనికొచ్చే ముక్క మాత్రం ఉంచితే ఇంకో వంద. మిగిలిన 70 కోసం అప్పుడు వాక్యాల్లోకి దిగండి: "ఇట్ ఈజ్ ఇంపార్టెంట్ టు నోట్ దట్", "డ్యూ టు ద ఫ్యాక్ట్ దట్" లాంటివి వెతికి పట్టుకోండి. రెండోదాని బదులు "బికాజ్" సరిపోతుంది.

మూలాల పట్టిక, శీర్షిక లెక్కలోకి వస్తాయా రావా అన్నది కోత మొదలుపెట్టకముందే అడిగి తెలుసుకోండి. ఒక్కో చోట ఒక్కో పద్ధతి. కోసిన పేరాలను వేరే ఫైల్లో దాచుకోండి. "ఇక్కడ ఆధారం చాలదు" అని వ్యాఖ్య వచ్చిందంటే, కావలసిన ముక్క అందులో దొరకవచ్చు.