పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చుకునే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, గుంటూరు నుంచి బాబాయి ఆశీస్సులు.

పాత డెస్క్‌టాప్‌ను తుక్కు కింద అమ్మకుండా, ఇంటిల్లిపాది ఫొటోలు, వీడియోలు, దస్తావేజుల కాపీలు దాచే సర్వర్‌గా మార్చాలన్న నీ ఆలోచన నాకెంతో నచ్చింది. ఫైళ్లు దాచి అందించే పనికి పదేళ్ల నాటి ప్రాసెసర్ కూడా చాలు.

ముందు పెట్టె విప్పి దుమ్ము దులుపు. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చు. అది నీరసిస్తే కరెంటు పోయినప్పుడల్లా తేదీ, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు చెదిరిపోతాయి. కరెంటు రాగానే తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగు చాలా బయోస్‌లలో ఉంటుంది, పెట్టుకో. పవర్ సప్లై పాతబడి ఉంటే మాత్రం కొత్తది కొను. అది చెడితే ఒక్కోసారి డిస్కులను కూడా వెంట తీసుకుపోతుంది కాబట్టి అక్కడ పొదుపు వద్దు. చిన్న యూపీఎస్ కూడా ఉండాలి. ఫైలు రాస్తుండగా కరెంటు పోవడం డిస్కుకు మంచిది కాదు.

ర్యామ్ 4 జీబీ ఉంటే ఓపెన్‌మీడియావాల్ట్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసుకో. ఉచితం, డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది. ట్రూనాస్ కూడా మంచిదే కానీ దానికి కనీసం 8 జీబీ కావాలి. ఏది వేసినా సిస్టమ్‌కు చిన్న ఎస్ఎస్‌డీ, ఫైళ్లకు వేరే హార్డ్ డిస్కు కేటాయించు.

రౌటర్‌కు ల్యాన్ కేబుల్‌తోనే కలుపు. గిగాబిట్ పోర్టయితే సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది. రౌటర్ పోర్టు 100 మెగాబిట్‌దైతే 11, 12 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. రౌటర్ కొనే ముందు ఆ సంగతి అడుగు.

కరెంటు లెక్క కూడా చూసుకో. 50 వాట్లు తీసుకునే పెట్టె పగలూ రాత్రీ నడిస్తే నెలకు 36 యూనిట్లు. రాత్రి ఎవరూ వాడకపోతే ఆపేసెయ్యి.

ఇక డిస్కుల సంగతి. ఆ కంప్యూటర్‌లోని పాత డిస్కును నమ్మకు. డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదికలో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (చెడిపోయిన, చెడిపోయాయన్న అనుమానం ఉన్న భాగాలు) సున్నా కాకపోతే దాన్ని పక్కన పెట్టు. సున్నా ఉన్నా ముఖ్యమైనవి కొత్త డిస్కులోనే దాచు. డిస్కు మీద డేటా రాసే పద్ధతులు రెండున్నాయి, కొనేటప్పుడు సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అని అడిగి సీఎంఆర్ తీసుకో. రెండోది వరుసగా ఎక్కువ రాయాల్సి వచ్చినప్పుడు బాగా నెమ్మదిస్తుంది.

రెండు డిస్కులు పెట్టి రెయిడ్ చేస్తే, అంటే రెండింటిలోనూ ఒకే సమాచారం రాసేలా కలిపితే, భద్రమేనా అని అడిగావు. కాదు. ఒక డిస్కు పాడైతే రెండోది నడిపిస్తుంది, అంతవరకే. నువ్వు పొరపాటున చెరిపిన ఫైలు రెండింటిలోనూ చెరిగిపోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై వైరస్ మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లనూ వదలలేదు. అది వ్యాపించింది విండోస్ పాత ఫైల్ షేరింగ్‌లోని లోపం వల్లే. అందుకే ఫైల్ షేరింగ్ రాకపోకలకు వాడే పోర్టులను రౌటర్‌లో బయటి ఇంటర్నెట్‌కు ఎట్టి పరిస్థితిలోనూ తెరవకు.

అన్నిటికన్నా నాకు బెంగ నీటి గురించే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది. మీ ఇల్లు అక్కడే, అదీ కింది అంతస్తులో. నీళ్లొస్తే ఒకే పెట్టెలోని రెండు డిస్కులూ కలిసే మునుగుతాయి. సర్వర్‌ను నేల మీద పెట్టకు, గాలి ఆడే ఎత్తైన అరలో పెట్టు. మూసిన అల్మారాలో వద్దు, మే నెల ఎండకు లోపల ఉడికిపోతుంది.

దానితో పాటు ఒక యూఎస్‌బీ డిస్కులో మొత్తం కాపీ చేసి గుంటూరు తీసుకురా, నా దగ్గర ఉంచుతాను. సంక్రాంతికి, దసరాకు వచ్చినప్పుడు కొత్తవి చేర్చుకుని వెళ్లవచ్చు. మధ్యలో తీసిన ముఖ్యమైన ఫొటోలు కొన్నే కాబట్టి వాటిని క్లౌడ్‌లో ఉంచితే సరిపోతుంది. డిస్కు నాకు ఇచ్చే ముందు దాన్ని వేరే కంప్యూటర్‌కు పెట్టి, అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు, ఇంటి పత్రాలు తెరుచుకుంటున్నాయో లేదో చూడు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మీ అమ్మ చేతికి ఇవ్వు.

మీ బాబాయి