నాస్కార్ చాంపియన్ అవుతానంటున్న అబ్బాయి, నిద్రపట్టని అమ్మ

ప్రశ్న: మాది గుంటూరు. పన్నెండేళ్లుగా అమెరికాలో, నార్త్ కరోలినాలోని కాంకర్డ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 15 ఏళ్లు. రెండేళ్లుగా లెజెండ్స్ కారు (చిన్న రేసు కారు) నడుపుతున్నాడు, ఇక్కడి పెద్ద కారు రేసుల పోటీ నాస్కార్‌లో చాంపియన్ అవుతానంటున్నాడు. డబ్బు కడితే వచ్చే సీజన్‌కు దాని పైమెట్టు అయిన లేట్ మోడల్ రేసు కారు ఇస్తామని ఒక జట్టు వాళ్లు అన్నారు. ఇంటి మీద అప్పు తీసుకుందామని మావారు అంటున్నారు. వాడు ఇంజనీరింగ్ చదవాలని నా కోరిక. రేసింగ్ డ్రైవరు, మోటార్‌స్పోర్ట్స్ ఇంజనీరు, ఈ రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. మా అత్తగారికి ఇంకా ఏమీ చెప్పలేదు. మంగళవారం సాయంత్రాలు చెస్ క్లాసుకు వెళ్తున్నాడని చెబుతున్నాం. వచ్చే ఏడాది మా అమ్మాయి కాలేజీలో చేరాలి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోలిక అడిగారు, తప్పకుండా చెబుతాను. కానీ మీ అసలు బాధ పోలికలో లేదు, మిగతా వాక్యాల్లో ఉంది. ఇల్లు ఏమవుతుందో, అమ్మాయి చదువు ఏమవుతుందో, రేపు తేడా వస్తే అత్తగారి ముందు ఏ ముఖంతో నిలబడాలో అని మీ భయం. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. క్రికెట్ పేరుతో వచ్చింది, షటిల్ పేరుతో వచ్చింది, సినిమా పేరుతో లెక్కలేనన్ని సార్లు వచ్చింది. ఈసారి కారెక్కి వచ్చింది, అంతే.

ముందు కొంచెం ధైర్యం చెప్పనివ్వండి. మీ అబ్బాయి ఆకాశంలోంచి ఊడిపడ్డ కోరికేమీ కోరడం లేదు. మీరు కాపురముంటున్న ఊరే అలాంటిది. షార్లెట్ మోటార్ స్పీడ్‌వే ఉన్నది మీ కాంకర్డ్‌లోనే. లెజెండ్స్ కార్లు 1992లో పుట్టింది అక్కడే. పెద్ద జట్ల వర్క్‌షాపులు చాలావరకు మీ ఇంటి నుంచి గంట ప్రయాణంలోపే ఉంటాయి. ఏడుసార్లు చాంపియన్ అయిన డేల్ ఎర్న్‌హార్ట్ పుట్టి పెరిగింది మీ పక్క ఊరు కన్నాపొలిస్‌లో. తెనాలిలో పెరిగిన పిల్లవాడు నాటకాల వైపు చూస్తే మనం ఆశ్చర్యపోతామా?

అయితే ఆ ఎర్న్‌హార్ట్ బడి చదువు మధ్యలోనే మానేశాడు. ఈ సంగతి మీ అబ్బాయి ఈపాటికి మీకు వినిపించే ఉంటాడు. వినిపించకపోతే త్వరలోనే వినిపిస్తాడు. అప్పుడు వాడికి మిగతా సగం కూడా చెప్పండి. ఎర్న్‌హార్ట్ తండ్రి రాల్ఫ్ స్వయంగా రేసర్, 1956లో నాస్కార్ స్పోర్ట్స్‌మన్ విభాగంలో చాంపియన్. ఇంటి వెనక గ్యారేజీయే ఆ పిల్లవాడికి బడి. మీ ఇంటి గ్యారేజీలో ఏముంది? రెండు కార్లు, ఇండియా నుంచి తెచ్చిన ఖాళీ సూట్‌కేసులు. కాబట్టి మీ అబ్బాయికి బడి తప్పదు.

ఇక చాంపియన్ అనే మాట. 1949 నుంచి ఏడాదికి ఒక్కరే కప్ చాంపియన్, అంటే నాస్కార్ పైస్థాయి సిరీస్ విజేత. ఇన్నేళ్లలో ఏడుసార్లు గెలిచినవాళ్లు ముగ్గురే: రిచర్డ్ పెటీ, ఎర్న్‌హార్ట్, జిమ్మీ జాన్సన్. ఒక రేసులో మామూలుగా గరిష్ఠంగా 40 కార్లు దిగుతాయి. వాటిలో 36 స్థానాలు చార్టర్లు అనే హక్కు పత్రాలున్న జట్లవి. అంటే ఆ దేశం మొత్తం మీద పైస్థాయిలో స్థిరమైన డ్రైవరు ఉద్యోగాలు నలభైకి మించవు. మన ఇళ్లలో ఐఐటీ సీట్లు తక్కువని దిగులుపడతాం. ఈ లెక్కతో చూస్తే అవి బోలెడు.

ఇదంతా డబ్బున్నవాళ్ల ఆట అని కూడా అనకండి. జాన్సన్ తల్లి స్కూలు బస్సు నడిపేది, తండ్రి భారీ యంత్రాలు నడిపేవాడు. జెఫ్ గోర్డన్ ఇంట్లోవాళ్లు, చిన్న వయసులోనే స్ప్రింట్ అనే రేసు కార్లు నడపనిస్తారని, కాలిఫోర్నియా వదిలి ఇండియానాకు మకాం మార్చారు. అతను నాలుగుసార్లు చాంపియన్ అయ్యాడు. మీవారు బహుశా ఈ కథ చదివే ఇంటి మీద అప్పు మాట ఎత్తి ఉంటారు. అలాగే మకాం మార్చి, అప్పు చేసి, పిల్లవాడు పైకి రాక వెనక్కి వెళ్లిన కుటుంబాల కథలు ఎవరూ రాయరు. వాటిలో కొన్ని నా గదిలోకి వస్తాయి. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఆ జట్టు సంగతికి వస్తాను. నాకు అన్నిటికన్నా అనుమానం అక్కడే. మీ అబ్బాయిని ఎంపిక చేశారని మీవారు సంబరపడుతున్నారు. డబ్బు కడితే ఇచ్చే సీటును ఎంపిక అనరు, కొనుగోలు అంటారు. అది మోసమని నేను అనడం లేదు. చిన్న జట్లు బతికేదే అలా. టైర్లు, ఇంజన్ల మరమ్మతు, మెకానిక్‌ల జీతాలు, కారును ఊరూరా తిప్పే ట్రక్కు, వీటన్నిటికీ డబ్బు రావాలి. కానీ కొంటున్నామని తెలిసి కొనాలి. ఆ జట్టును నాలుగు మాటలు అడగండి. ఎన్ని రేసులు? రేసుకు ఎన్ని కొత్త టైర్లు? కారు గోడకు తగిలితే ఆ ఖర్చు ఎవరిది? గత మూడేళ్లలో మీ దగ్గర నడిపిన పిల్లల్లో, తమ డబ్బు కట్టకుండా పైమెట్టు ఎక్కినవారు ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి ఇవ్వమనండి. చాలా ఇళ్లు కూలేది అక్కడే. ఒక్క రాత్రి, ఒక్క మలుపు, ఎదుటివాడి పొరపాటు, మర్నాడు మీ చేతికి బిల్లు.

పైగా ఒక సీజన్‌తో ఇది ఆగదు. లేట్ మోడల్ తర్వాత ఆర్కా అనే సిరీస్, ఆ తర్వాత పికప్ ట్రక్కులతో పోటీపడే నాస్కార్ ట్రక్ సిరీస్. ప్రతి మెట్టు మీదా స్పాన్సరును ఎవరు తెస్తారని అడుగుతారు. ట్రక్ సిరీస్‌లో పూర్తి సీజన్ అంటే లెక్క మిలియన్ డాలర్లలోకి వెళ్తుంది. అక్కడికి మీ ఇల్లు ఏమూలకు సరిపోతుంది? మొదటి మెట్టుకే ఇల్లు పెట్టేస్తే రెండో మెట్టుకు ఏం పెడతారు? ఈ మాట మీవారికి చదివి వినిపించండి. అయ్యా, కొడుకు మీద మీ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ఆ ఇంట్లో మీ అమ్మాయి కూడా ఉంటోంది. ఉత్తరంలో ఆ పిల్ల ప్రస్తావన ఒక్క వాక్యం, అదీ ఆఖరున. తమ్ముడి కారు ఖర్చు కింద తన కాలేజీ ఫీజు కరిగిపోతోందని ఆమెకు తెలుసో లేదో అడిగారా? అప్పు కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఆ పిల్లను కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆమె మొహం చూసి కూడా సంతకం పెట్టగలిగితే అప్పుడు నన్ను అడగండి.

సిమ్యులేటర్ మాట కూడా వస్తుంది, అది ఇప్పటి ఫ్యాషన్. ఇంట్లో కంప్యూటర్ ముందు స్టీరింగ్ పెట్టుకుని ఆడి నాస్కార్‌కు వెళ్లిపోవచ్చని. అబద్ధం కాదు. షార్లెట్ కుర్రాడే విలియం బైరన్ అలా మొదలుపెట్టి 2024, 2025లో నాస్కార్‌లోకెల్లా పేరున్న రేసు డేటోనా 500 గెలిచాడు. కానీ కంప్యూటర్ నుంచి లేచాక అతను ఎక్కింది మీ అబ్బాయి ఎక్కిన లెజెండ్స్ కారే, ఆ తర్వాతి మెట్లన్నీ మామూలు మెట్లే. నాకు ఇంకా నచ్చిన కథ రాజా కరూత్‌ది. అతనూ సిమ్యులేటర్ నుంచే వచ్చాడు. విన్‌స్టన్-సేలం స్టేట్ యూనివర్సిటీలో మోటార్‌స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతూనే రేసులు నడిపి, 2024లో లాస్ వెగస్‌లో ట్రక్ సిరీస్ రేసు గెలిచాడు. చదువు కారుకు అడ్డం రాలేదు.

ఇప్పుడు మీరు రాయకుండా దాచుకున్న భయం. ప్రాణభయం. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి ల్యాప్‌లో ఎర్న్‌హార్ట్ గోడకు గుద్దుకుని చనిపోయాడు. ఆ ఏడాదే తల, మెడ ముందుకు విసురుగా వెళ్లకుండా పట్టి ఉంచే పరికరాన్ని తప్పనిసరి చేశారు. తర్వాతి ఏళ్లలో దెబ్బను మింగే గోడలు వచ్చాయి. ఆ రోజు తర్వాత కప్ రేసుల్లో మరో డ్రైవరు ప్రాణం పోలేదు. కానీ దెబ్బలు తగలవని చెప్పలేను. 2004 చాంపియన్ కర్ట్ బుష్‌కు 2022లో పొకొనో ట్రాక్‌లో తలకు అదురుదెబ్బ తగిలింది, దాంతో అతని రేసింగ్ జీవితమే ముగిసింది. అందుకే ఒక్క నియమం పెట్టండి: తల తిరుగుతోందన్నా, వాంతి వస్తోందన్నా డాక్టరు సరేననేదాకా కారు తాళం మీ దగ్గరే. ఇందులో బేరం లేదు. మిగతా రోజుల్లో మాత్రం గ్యాలరీలో కళ్లు మూసుకుని కూర్చోకండి. వాడు మిమ్మల్ని చూస్తాడు.

పోలిక. డ్రైవరు బతుకు కాంట్రాక్టు మీద, స్పాన్సరు మీద ఆధారపడింది. ఇంజనీరుకు జట్టు మారినా, రేసింగే మానేసినా చేతిలో పని ఉంటుంది. మీ ఊరికి దగ్గర్లోనే షార్లెట్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో మోటార్‌స్పోర్ట్స్ ఇంజనీరింగ్ ఉంది. 2021లో కైల్ లార్సన్‌ను చాంపియన్‌ను చేసిన క్రూ చీఫ్ (కారునూ రేసు వ్యూహాన్నీ చూసుకునే జట్టు పెద్ద) క్లిఫ్ డేనియల్స్ అక్కడ చదివినవాడే. స్థిరత్వం కావాలంటే ఇంజనీరింగే మంచిది. ఇంతకన్నా పోల్చడానికి లేదు, ఎందుకంటే ఇవి రెండు వేర్వేరు దారులని నేను అనుకోవడం లేదు.

ఎందుకో చెబుతాను. అలన్ కుల్‌విక్కీ అని విస్కాన్సిన్ మనిషి. మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ చదివి, 1980ల మధ్యలో షార్లెట్‌కు వచ్చాడు. సొంత జట్టు, చిన్న జట్టు, డ్రైవరూ యజమానీ తానే. 1992 నవంబరులో అట్లాంటాలో ఆఖరి రేసుకు వచ్చేసరికి ఆరుగురికి చాంపియన్ అయ్యే అవకాశం ఉంది. అతని కారు ఫోర్డ్ థండర్‌బర్డ్. పెద్ద జట్ల ముందు తాను చిన్నవాణ్నని, పేరులో ముందు అక్షరాలు తీసేసి 'అండర్‌బర్డ్' అని ఉంచుకున్నాడు. రేసు మధ్యలో ఫస్ట్ గేరు పోయింది. టైర్లు, పెట్రోలు కోసం పిట్‌లో ఆగిన ప్రతిసారీ పై గేరులోనే మెల్లగా కదలాలి. అందరికన్నా ఎక్కువ ల్యాప్‌లు ముందున్నవారికి అయిదు పాయింట్లు అదనం. కుల్‌విక్కీ బృందం లెక్క వేసుకుంది, ఆ లెక్క తీరేదాకా పిట్‌కు రాకుండా ముందే ఉన్నాడు. రేసు బిల్ ఎలియట్ గెలిచాడు, కుల్‌విక్కీ రెండోవాడు. కానీ ముందున్న ల్యాప్‌లు ఎలియట్‌కు 102, కుల్‌విక్కీకి 103. పది పాయింట్ల తేడాతో చాంపియన్‌షిప్ కుల్‌విక్కీది. ఆ ఒక్క ల్యాప్ అటు వెళ్లి ఉంటే పాయింట్లు సమానమయ్యేవి, ఎక్కువ రేసులు గెలిచినవాడిగా ఎలియట్ చాంపియన్ అయ్యేవాడు. కుల్‌విక్కీ తర్వాతి ఏప్రిల్‌లో విమాన ప్రమాదంలో పోయాడు, అది వేరే దుఃఖం. ఆ సాయంత్రం అతన్ని గెలిపించింది కాలూ చెయ్యీ మాత్రమేనా, తరగతి గదిలో నేర్చిన లెక్క కూడానా? మీ అబ్బాయిని అడగండి.

మీ అబ్బాయిలో సరుకు ఉందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. రెండేళ్ల కిందట ఇలాంటి పిల్లవాణ్నే ఒకణ్ని, రేసు ముగిసి హెల్మెట్ తీస్తుండగా, "మూడో మలుపులో కారు ఎలా ఉందిరా?" అని అడిగాను. "బాగానే ఉందండీ" అన్నాడు. పక్కనే ఇంకొక అబ్బాయి, నేను అడగకుండానే, "లోపలికి వెళ్లేటప్పుడు టైట్‌గా ఉంది, ముక్కు తిరగడం లేదు. బయటికి వచ్చేటప్పుడు లూజు, వెనక చక్రాలు జారుతున్నాయి. పది ల్యాప్‌ల తర్వాత ఇంకా ఎక్కువైంది" అని మెకానిక్‌తో చెబుతున్నాడు. చేతులతో కారు తిరుగుడు చూపిస్తున్నాడు, గోళ్లలో నల్ల గ్రీజు. మొదటివాడికి వేగం ఇష్టం. రెండోవాడికి కారు ఇష్టం. మీ అబ్బాయి ఎవరో మీకే తెలుస్తుంది. రెండోవాడైతే డ్రైవరు కాకపోయినా ఆ లోకంలో అన్నానికి లోటుండదు. మొదటివాడైతే లేట్ మోడల్ డబ్బు కట్టకండి, ఇంకో ఏడాది లెజెండ్స్ కారే నడపనివ్వండి. కప్ సిరీస్‌కు ఎలాగూ 18 నిండాలి, కొంపలేమీ మునిగిపోవు.

మనవాళ్లకు అక్కడ చోటుంటుందా అనే సందేహం మీకు ఉంటే, 2010లో కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్ ట్రక్ సిరీస్‌లో నడిపి, అభిమానుల ఓట్లతో ఆ సిరీస్ మోస్ట్ పాపులర్ డ్రైవర్ అయ్యాడు. 2021లో, మళ్లీ 2025లో చాంపియన్ అయిన లార్సన్ తల్లి జపాన్ మూలాలున్న ఆమె. అతను పైకి వచ్చింది, మైనారిటీ పిల్లలకూ, ఆడపిల్లలకూ అవకాశమివ్వడానికి నాస్కార్ మొదలుపెట్టిన డ్రైవ్ ఫర్ డైవర్సిటీ కార్యక్రమంలోంచి. అప్పు పత్రం కన్నా ముందు, అది ఇప్పుడు ఎలా ఉందో కనుక్కుని దరఖాస్తు పెట్టండి.

చివరగా చెస్ క్లాసు సంగతి. ఇక్కడ మిమ్మల్ని కోప్పడక తప్పదు. మీరు ఫోనులో అత్తగారికి ఆ అబద్ధం చెబుతున్నప్పుడు మీ అబ్బాయి ఆ గదిలోనే ఉంటాడు. తాను ప్రాణం పెట్టి చేస్తున్న పని ఇంట్లో చెప్పుకోలేనిదని వాడు వారం వారం నేర్చుకుంటున్నాడు. గెలిచి చాంపియన్ అయితే చెబుదామనుకుంటున్నారా? గెలిచేదాకా చెప్పుకోలేని కొడుకుగా ఉండటం పదిహేనేళ్లవాడికి ఎంత బరువో ఆలోచించండి. మీ అత్తగారు కోప్పడితే కోప్పడనివ్వండి, ఆవిడ కోపం నాలుగు రోజులు. వచ్చే మంగళవారం రేసు అయ్యేసరికి గుంటూరులో తెల్లవారుతుంది. ఫోను కలిపి వాడి చేతికివ్వండి. మూడో మలుపు సంగతి వాళ్ల నాన్నమ్మకు వాడే చెబుతాడు.